గండికోట దిగిన మర్నాడు

తిరుమలకు నడిచి వెళ్ళేవాళ్ళు ముందు ఎక్కుతారు. అహోబిలంలో ఉగ్రస్తంభం చూడాలన్నా ముందు ఎక్కాల్సిందే. గండికోటలో మాత్రం ముందు దిగాలి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వచ్చి, కోట గుమ్మం దాటి, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు చూసుకుంటూ ముందుకు నడిస్తే ఒకచోట నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. సుమారు 300 అడుగుల కింద పెన్న. రెండు పక్కలా ఎర్రటి బండలు దొంతరలు దొంతరలుగా పేర్చినట్టుంటాయి. అంచున నిలబడి ఫొటో తీసుకోవడంతో తృప్తిపడని కుర్రకారు ఆ బండల మీదుగా కిందికి దిగుతారు.

దిగేటప్పుడు పెద్ద కష్టం తెలియదు. ఆయాసం ఉండదు, చెమట కూడా ఎండకు పట్టేదే. తిరిగి ఎక్కేటప్పుడే గుండె దడదడలాడుతుంది, నీళ్ళ సీసా ఖాళీ అవుతుంది. పైకొచ్చి పది నిమిషాలు కూర్చుంటే అదీ సర్దుకుంటుంది. ఆ రాత్రి హాయిగా నిద్ర. మర్నాడు పొద్దున మంచం దిగబోతే తొడల ముందుభాగం బిగుసుకుపోయి ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి, లేస్తే ఇంకా నొప్పి. రెండో రోజుకు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి. ఇంటి మెట్లు ఎలాగో ఎక్కుతారు గానీ దిగేటప్పుడు ఒక్కో మెట్టుకూ పళ్ళు బిగించాలి. ఇంట్లో ఏమైందని అడిగితే "కాళ్ళు పీక్కపోతాండాయి" అని జవాబు. నాలుగైదు రోజులకు, ఎవరూ ఏమీ చేయకుండానే, వచ్చినట్టే పోతుంది.

ఇక్కడ రెండు విచిత్రాలున్నాయి. కష్టపడింది ఎక్కేటప్పుడైతే, దిగడానికి పనిచేసిన కండకు నొప్పి ఎందుకు? పని చేసింది నిన్నయితే, నొప్పి ఇవాళ ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు దొరకడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. మధ్యలో ఒక తప్పు జవాబు రాజ్యమేలింది. దాన్ని గద్దె దింపినవాళ్ళలో మన భీమవరం మనిషి ఒకరు. ఆయన పేరు తెలిసినవాళ్ళకు కూడా ఆయన ఈ కథలో ఉన్నారని చాలామందికి తెలియదు.

ఆ తప్పు జవాబు ఏమిటో మీరు వినే ఉంటారు: లాక్టిక్ ఆసిడ్. వ్యాయామం చేస్తే కండరంలో ఆమ్లం పేరుకుంటుందని, అది అక్కడే నిలిచిపోయి మర్నాడు నొప్పి పుట్టిస్తుందని బడిలో ఆటల సారు చెబుతారు, జిమ్‌లో కోచ్ చెబుతాడు, నడక స్నేహితులూ చెబుతారు. పుల్లబడ్డ పాలలో ఈ ఆమ్లాన్ని 1780లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే కనిపెట్టాడు. మనం రోజూ తినే పెరుగుకు పులుపు తెచ్చేది అదే. తర్వాత పాతికేళ్ళు దాటాక అదే దేశానికి చెందిన బెర్జీలియస్ దాన్ని మాంసంలోనూ చూశాడు. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు కప్ప కండరాలను అలిసేదాకా పనిచేయించి, వెంటనే చల్లటి ఆల్కహాలులో ముంచి నూరి కొలిచారు. అలిసిన కండరంలో లాక్టిక్ ఆసిడ్ ఎక్కువ. ప్రాణవాయువు అందిస్తే తగ్గిపోయింది. గట్టి ప్రయోగం, ఇప్పటికీ తప్పు పట్టడానికి లేదు.

తప్పు జరిగింది దాని మీద కట్టిన మేడలో. ఇంగ్లండులో ఎ.వి. హిల్ కండరాల వేడిని కొలిచాడు, జర్మనీలో ఒట్టో మైయర్‌హోఫ్ ఆమ్లానికీ ప్రాణవాయువుకూ ఉన్న లెక్క తేల్చాడు. 1922 నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు నమ్మింది ఇది: కండరాన్ని ముడుచుకునేలా చేసేదే లాక్టిక్ ఆసిడ్. అది పుడితేనే కండ కదులుతుంది. కండరంలో జరిగే ప్రతిదానికీ, అలుపుకూ నొప్పికీ కూడా, ఆ ఒక్క పదార్థమే కారణమన్న ఆలోచన అక్కడినుంచి బయలుదేరింది.

సరిగ్గా ఆ మరుసటి ఏడు, 1923లో, యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మనిషి. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యాడు. పూర్తి డిగ్రీ రావాల్సిన చోట తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టాతో అమెరికాలో వైద్యం చేయడానికి వీల్లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు మోసి పొట్టపోసుకున్నాడు. హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరాడు.

ఇద్దరూ కలిసి 1925లో రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. వైద్య విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని తరతరాలుగా చదువుకుంటున్నది ఇదే. రక్తంతో చేస్తే రంగు చకచకా వచ్చేది. కండరం నుంచి తీసిన ద్రావణంతో చేసినప్పుడు మాత్రం నీలం వెంటనే రాలేదు. మెల్లగా, నిమిషాలు గడిచేకొద్దీ, ముదురుతూ వచ్చింది.

చాలామంది ఇలాంటి చోట రసాయనం పాతబడిందనుకుని పారబోస్తారు. ఆ ఆలస్యం దగ్గరే వీళ్ళు ఆగారు. రంగు ఆలస్యంగా వస్తోందంటే, భాస్వరం విడిగా లేదన్నమాట. దేనికో అంటుకుని ఉండి, ఆమ్లంలో పడ్డాక నెమ్మదిగా విడిపోతోంది. దేనికి అంటుకుందో వెతికితే క్రియాటిన్ తేలింది. 1927లో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితం వచ్చింది. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే ఈ ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందని, విశ్రాంతినిస్తే తిరిగి చేరుతుందని వాళ్ళు చూపారు. అదే ఏడు లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో ఈ పదార్థాన్నే పట్టుకున్నారు. 1929లో బోస్టన్‌లో ఫిస్క్, సుబ్బారావు, జర్మనీలో లోమాన్ ఎవరికి వారుగా కనిపెట్టినది ఏటీపీ, ప్రాణికోటి అంతటికీ శక్తి సరఫరా చేసే పదార్థం.

ఇక మిగిలింది ఒక్క దెబ్బ. 1930లో డెన్మార్క్ యువకుడు ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆసిడ్ అసలు పుట్టకుండా అడ్డుకునే విషం ఎక్కించినా కండరం ముడుచుకుంటుందని చూపాడు. ముడుచుకున్నప్పుడు ఖర్చవుతున్నది ఫాస్ఫోక్రియాటిన్. నోబెల్ తీసుకున్న హిల్ పట్టుదలకు పోలేదు. 1932లో కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని తానే ఒక వ్యాసం రాసి, పాత సిద్ధాంతాన్ని వదులుకున్నాడు. ఆ హుందాతనం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలి. సుబ్బారావు దగ్గరికి మాత్రం నోబెల్ రాలేదు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగమూ రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ పనులకు నాయకత్వం వహించి 1948లో కన్నుమూశాడు.

కండరాన్ని ముడుచుకునేలా చేసేది లాక్టిక్ ఆసిడ్ కాదని అలా తేలిపోయింది. నొప్పికి కారణమన్న మాట మాత్రం చావలేదు. మరో యాభై ఏళ్ళు బతికింది.

ఇందులో నాకు బాధ కలిగించేది ఏమిటంటే, సరైన జవాబు అప్పటికే అదే బోస్టన్ నగరంలో అచ్చయి ఉంది. సుబ్బారావు అక్కడ దిగడానికి ఇరవై ఏళ్ళ ముందు, 1902లో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న థియోడోర్ హఫ్ ఒక పత్రం రాశాడు. ఇటలీలో మోసో తయారుచేసిన ఎర్గోగ్రాఫ్ అనే యంత్రం ఆయన పనిముట్టు. చెయ్యి కదలకుండా బిగించి, నడిమి వేలు ఒక్కటే బలమైన స్ప్రింగును లాగేలా ఏర్పాటు. అలవాటు లేని వేలితో లయగా లాగిస్తే మర్నాటికి నొప్పి వచ్చేది. హఫ్ రెండు నొప్పుల్ని విడదీశాడు. పని చేస్తుండగా వచ్చి, ఆపగానే పోయేది ఒకటి. అది అలుపుది. గంటల తర్వాత మొదలై రోజుల తరబడి ఉండేది రెండోది. దీనికీ అలుపుకూ సంబంధం లేదని, కండరం లోపల ఎక్కడో చిన్న చిన్న చీలికలు పడి ఉంటాయని, అలవాటైన కండరానికి ఈ నొప్పి రాదని రాశాడు. ఒక వేలు, ఒక స్ప్రింగు పెట్టుకుని ఇంత దూరం చూశాడు. చీలికను చూపగల సూక్ష్మదర్శిని అప్పటికి లేదు కాబట్టి ఆ మాట పక్కన పడిపోయింది.

మొదటి విచిత్రం, అంటే దిగడం సంగతి, 1952లో లండన్‌లో తేటపడింది. అబట్, బ్రెండా బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు రెండు సైకిళ్ళను వీపులు ఆనించినట్టు ఎదురెదురు దిక్కులకు నిలబెట్టి గొలుసుతో కలిపారు. ఒకరు పెడల్ ముందుకు తొక్కుతారు. రెండోవారి పెడల్ ఆ జోరుకు వెనక్కి తిరుగుతుంటే, దాన్ని కాళ్ళతో ఆపడం వాళ్ళ పని. బలం ఇద్దరిదీ సమానమే. తొక్కేవాడు పీల్చే ప్రాణవాయువు కొలిస్తే, ఆపేవారి కన్నా రెండు రెట్లకు పైగా ఉంది. ఒక సన్నపాటి అమ్మాయి ఆపుతూ కూర్చుని, తొక్కుతున్న మగవాణ్ణి అలిసిపోయేలా చేయగలిగింది.

మెట్టు దిగడం ఆ రెండో సైకిలు మీద కూర్చోవడమే. కాలు కిందికి పెట్టేటప్పుడు మోకాలు వంగుతుంది, తొడ ముందు కండరం సాగుతుంది. సాగుతూనే ఒళ్ళు బరువంతా ఆపాలి. బావిలోకి నిండు బొక్కెన దింపేటప్పుడు తాడు జారుతూనే ఉండాలి, చెయ్యి మాత్రం పట్టు విడవకూడదు. అలాంటి పని ఇది. ఖర్చు తక్కువ కాబట్టి ఆయాసం రాదు. కానీ ఇలా సాగుతూ ఆపేటప్పుడు కండరంలో కొన్ని పోగులే పనిలోకి దిగుతాయి, మిగతావి ఊరకుంటాయి. ఆ కొద్ది పోగుల మీదే భారమంతా పడుతుంది. కోపెన్‌హేగన్‌లో ఆస్ముసెన్ 1956లో మర్నాటి నొప్పికి కారణం ఈ ఆపే పనేనని చూపాడు.

ఇక రుజువులు 1980ల మొదట్లో వరుసగా వచ్చాయి. స్వీడన్‌లోని ఉమెయొ విశ్వవిద్యాలయంలో ఫ్రీడెన్, అతని సహచరులు కొందరితో పదేపదే మెట్లు దిగించి, పిక్క కండరం నుంచి చిన్న ముక్కలు తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. కండరపు పోగులో సార్కోమియర్ అనే చిన్న గళ్ళు వరుసగా ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు 400వ వంతు. గడికీ గడికీ మధ్య జెడ్ గీత అనే గోడ తిన్నగా ఉండాలి. నొప్పిగా ఉన్న కండరంలో ఆ గీతలు అక్కడక్కడ వంకరపోయి, కరిగినట్టు, తెగినట్టు కనిపించాయి. 1902లో హఫ్ ఊహించిన చీలికలు 1981లో ఇలా కళ్ళబడ్డాయి. లండన్‌లో న్యూహామ్ బృందం ఇంకో తెలివైన పని చేసింది. ఒకే మనిషిని ఇరవై నిమిషాలు పీట ఎక్కి దిగమని, ఎక్కడానికి ఎప్పుడూ ఒక కాలు, దిగడానికి ఎప్పుడూ రెండో కాలు వాడమంది. ఎక్కిన కాలికి ఏమీ కాలేదు. దిగిన కాలికి నొప్పి వచ్చింది, కండరం చెదిరింది. ఆ చెదురు వ్యాయామం అయిన వెంటనే కన్నా ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువగా ఉంది.

లాక్టిక్ ఆసిడ్ మీద చివరి తీర్పు 1983లో అమెరికాలో ష్వేన్, ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం ఇచ్చింది. కొందరిని ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు సమతలంలో పరిగెత్తించారు, మరోసారి అంతే సేపు పల్లానికి పరిగెత్తించారు. సమతలంలో రక్తంలో లాక్టిక్ ఆసిడ్ పెరిగింది, నొప్పి రాలేదు. పల్లానికి పరిగెత్తినప్పుడు ఆసిడ్ పెరగలేదు, నొప్పి వచ్చింది. పైగా ఎంత గట్టి పరుగు తర్వాతైనా పెరిగిన లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి దాకా నిలిచి ఉండదు. ఇంత స్పష్టంగా తేలిన విషయం నలభై ఏళ్ళు దాటినా మన జిమ్‌ల దాకా రాకపోవడం న్యాయం కాదు.

గళ్ళు ఎందుకు తెగుతాయి? ఒక పోగులోని సార్కోమియర్లన్నీ సమానబలం కలవి కావని, సాగేటప్పుడు బలహీనమైన గడి ముందు హద్దు దాటి సాగిపోతుందని మెల్‌బోర్న్‌లో మోర్గన్ 1990లో వివరించాడు. దాని పక్క గోడలు చెదురుతాయి, కాల్షియం కారుతుంది, మరమ్మతుకు రక్తకణాలు చేరతాయి, కొద్దిగా నీరు పడుతుంది. అక్కడి నరాల కొసలు మామూలు తాకిడికి కూడా నొప్పి పలికేంత సున్నితమవుతాయి. ఇందులో బ్రాడికినిన్, నరాల పెరుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీను పాత్ర జపాన్‌లో మిజుమురా బృందం 2010లో ఎలుకల్లో చూపింది. మరమ్మతుకు సమయం పడుతుంది, అందుకే నొప్పి ఆలస్యం. నొప్పి ఎంత ఉంటే దెబ్బ అంత అని లెక్క కట్టడానికి కూడా వీల్లేదు. కొందరికి నొప్పి విపరీతం, చెదురు స్వల్పం. లోయ అడుక్కి చేరగానే కాళ్ళు వణికి తూలితే, నొప్పి ఇంకా మొదలు కాకపోయినా, కండరం దెబ్బ తిని ఉండవచ్చు.

ఈ దెబ్బను కొలవాలంటే డాక్టరు రాసే రక్తపరీక్ష సీపీకే, దాన్నే సీకే అని కూడా అంటారు. అంటే క్రియాటిన్ కైనేజ్. 1927లో సుబ్బారావు పట్టుకున్న ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమే ఇది. కండరం గోడ చెదిరినప్పుడు లోపలినుంచి రక్తంలోకి కారుతుంది. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ల్యాబ్‌ల్లో రోజూ వచ్చే ఆ రిపోర్టు వెనక ఆలస్యంగా ముదిరిన ఆ నీలం రంగు ఉంది.

ఎర్రమల కొండల్లో గొర్రెలు తోలుకుని రోజూ ఎక్కి దిగే మనిషికి ఈ నొప్పి ఉండదు. ఆయన ఒళ్ళు ఉక్కుతో చేసింది కాదు. ఒకసారి ఇలా సాగి చెదిరిన కండరం బాగుపడ్డాక మళ్ళీ అదే పనికి అంతగా చెదరదు. ఈ రక్షణ వారాల పాటు, కొందరిలో ఆరు నెలల దాకా నిలుస్తుందని నొసాకా పరిశోధనల్లో తేలింది. దానికి మొదటిసారి పూర్తిగా చితికిపోనక్కర్లేదు కూడా. ప్రిసిల్లా క్లార్క్‌సన్, ట్రెంబ్లే 1988లో చేసిన ప్రయోగంలో, ముందుగా 24 సార్లు మాత్రమే సాగదీయించిన చేయి, రెండు వారాల తర్వాత 70 సార్లు చేయించినా తట్టుకుంది. మందు, మాత్ర, పొడి ఏదీ ఇంత పని చేయదు. వ్యాయామానికి ముందూ తర్వాతా ఒళ్ళు సాగదీస్తే నొప్పి రాదన్నది కూడా పరీక్షల్లో నిలబడలేదు. తేడా వస్తే లెక్కలోకి రానంత. వాయిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకుంటే, నూనె రాసి పిక్కలు పిసికించుకుంటే హాయిగా ఉంటుంది, తప్పకుండా చేయండి. కండ మరమ్మతు మాత్రం దాని వేళకే అవుతుంది.

కాబట్టి గండికోటకు వెళ్ళాలనుకుంటే రెండు వారాల ముందు ఒకరోజు మీ వీధిలోని ఏ మూడంతస్తుల మేడ మెట్లో లిఫ్టు వాడకుండా నాలుగైదు సార్లు నెమ్మదిగా దిగండి. చిన్న నొప్పి వస్తుంది, పోతుంది. లోయలో దిగేటప్పుడు దూకవద్దు, అడుగు చిన్నది వేయండి. కడప జిల్లా ఎండలో నీళ్ళు దండిగా తాగండి, నొప్పి మాత్రలు వరసగా మింగకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు చేటు. తిరిగి వచ్చాక మూత్రం టీ డికాషన్ రంగులో పడినా, కాళ్ళు వాచి బిర్రబిగుసుకున్నా అది మామూలు ఒళ్ళు నొప్పి కాదు. చెదిరిన కండరంలోని పదార్థం మూత్రపిండాలకు అడ్డుపడుతోందన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.